యెజ్డీకి వైరు పెట్టిన పాపం

జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ అనే పాత మోటార్ సైకిళ్లున్నవాళ్లంతా ఎక్కడికక్కడ చేరతారని ఈ బ్లాగు చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈసారి మావైపు పదిహేను బళ్లు చేరాయి. టీ తాగుతున్నాం. బళ్ల గురించి నాకన్నా నాలుగు రెట్లు ఎక్కువ తెలిసిన ఒక పెద్దాయన నా యెజ్డీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇంజన్ దగ్గర వంగి చూశారు. స్పీడోమీటర్ కేబుల్ ఉండాల్సిన చోటి నుంచి సన్నటి నల్లవైరు బయటికొస్తోంది. దాన్ని వేలితో తాకి, "ఏం బాబూ, నాన్నగారి బండికి సెలైన్ ఎక్కిస్తున్నావా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది మరి. ఇంటికొచ్చి హెల్మెట్ తీసేసరికి నవ్వు పోయి ఉడుకుమోత్తనం మిగిలింది. ఆయనకి అక్కడే జవాబు చెప్పాల్సింది. కానీ నా దగ్గరున్న జవాబు ఒక్క ముక్కలో తెమిలేది కాదు.

నేననేది ఇది. పాత ఇంజన్‌కి ఎలక్ట్రానిక్ పికప్, అంటే స్పీడు లెక్క పట్టుకునే సెన్సర్, పెట్టడంలో తప్పు లేదు. తప్పల్లా దానికోసం ఇంజన్ మీద చెయ్యి చేసుకోవడంలో ఉంది. యెజ్డీలో స్పీడు సంగతి బయటికి రావడానికి కంపెనీవాళ్లు ఒక దారి వదిలారు. కొత్త పికప్ ఏదైనా సరే, ఆ దారిలోనే వచ్చి కూర్చోవాలి. చెప్పడానికి ఇంత తేలికైన మాట దగ్గరికి చేరడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. దారిలో ఒకటి రెండు చోట్ల మనసు మార్చుకున్నాను, ఇప్పటికీ ఒక చోట గట్టిగా చెప్పలేను.

సున్నా దగ్గర పడుకున్న ముల్లు

బుల్లెట్‌కీ ఆర్ఎక్స్ 100కీ మీటరు కేబుల్ ముందు చక్రం దగ్గర మొదలవుతుంది. జావా, యెజ్డీలకి గేర్ బాక్స్‌లోంచి వస్తుంది. లోపల తిరిగే షాఫ్టు పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది, ఆ పినియన్ కేబుల్ లోపలి తీగని తిప్పుతుంది. కేబుల్‌లో గ్రీజు ఎండిపోతే తీగ పట్టేసి, మెలికపడి, ఒక్కసారిగా వదులుతుంది. ముల్లు నలభైకీ అరవైకీ మధ్య ఊగేది అందుకే. ఊగితే ఊగనీలే అని వదిలేస్తే ఒకరోజు తీగ పూర్తిగా పట్టేస్తుంది. అదృష్టం బాగుంటే తీగ తెగుతుంది. లేకపోతే పినియన్ పళ్లు పోతాయి. మాకు పళ్లు పోయాయి.

ఈ బళ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఇప్పుడు దొరికే పార్టులు ఎవరో అటక మీద దాచిన పాత స్టాకు, లేదంటే నకళ్లు. కష్టపడి ఒక పినియన్ సంపాదించి మూడు కేబుళ్లు మార్చాను. మొదటిది నాలుగు నెలలు వచ్చింది, రెండోది రెండు నెలలు. మూడోది ఇంటికి తెచ్చి కొలిస్తే జానెడు పొట్టి. దాంతో విసుగొచ్చి వదిలేశాను. ముల్లు ఐదేళ్లు సున్నా దగ్గర పడుకుంది.

దాన్ని లేపింది ఒక చలానా. హైవే మీద అరవై దాటకూడని చోట అరవై ఏడుతో వెళ్లానని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఫొటోలో నేనే, బండి మాదే. నలభై ఏళ్ల యెజ్డీకి స్పీడు చలానా పడిందని ఫ్రెండ్స్ కంగ్రాట్స్ చెప్పారు, ఒకడైతే ఫ్రేము కట్టించుకోమన్నాడు. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "ఆ బండి అరవైలో వెళితే శబ్దమే వేరురా. నువ్వు యాభై దాటి ఉండవు" అన్నారు. ఆయన ఆ సమయానికి ఇంట్లో పడుకుని ఉన్నారు. బండి మీద ఉన్న నాకేమో ఎంతలో వెళ్లానో తెలీదు. తెలిసింది కెమెరాకి ఒక్కదానికే.

ఫోన్లో యాప్ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టాను. జీపీఎస్ స్పీడు నిలకడగా పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది, బ్రేకు కొట్టినా యాక్సిలరేటర్ తిప్పినా మన వెనకాల పరిగెత్తుకొస్తుంది. మోటార్ సైకిల్ ఇంజన్ల అదురు ఐఫోన్ కెమెరాని పాడు చేయొచ్చని ఆపిల్ వాళ్లే 2021లో హెచ్చరించారు. వాళ్ల మనసులో ఉన్నది పెద్ద ఇంజన్లు అయుండొచ్చు. మా టూ స్ట్రోక్ అదురు చూస్తే వాళ్లు ఇంకో పేరా రాసేవారు.

ముందు చక్రం చెప్పేది నిజమే

మొదట పెట్టింది ముందు చక్రానికే. ఒక ఊచకి అయస్కాంతం, ఫోర్కుకి క్లాంపుతో సెన్సర్, హ్యాండిల్ మీద చిన్న డిజిటల్ మీటరు. ఎక్కడా బొక్క పెట్టక్కర్లేదు. చాక్‌పీసుతో టైరు మీద గీత గీసి, నాన్నని బండి మీద కూర్చోబెట్టి, ఒక్క చుట్టు ముందుకి తోసి టేపు పట్టి కొలిచాను. 1.76 మీటర్లు. మీటర్లో ఆ అంకె కొడితే పని అయిపోయింది.

న్యాయంగా మాట్లాడితే సరైన పద్ధతి ఇదే. రోడ్డుని తాకేది చక్రం. గేర్ బాక్స్ దగ్గర కొలిచేది షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మాత్రమే, దాన్ని స్పీడుగా మార్చాలంటే మధ్యలో చైను తిరిగే పళ్లచక్రాలని, అంటే స్ప్రాకెట్లని, నమ్మాలి. ముందు స్ప్రాకెట్‌కి పద్ధెనిమిది పళ్లున్న చోట ఎవరైనా పంతొమ్మిది వేస్తే షాఫ్టు ఐదు శాతం పైగా తక్కువ తిరుగుతుంది, మీటరు అంతే తక్కువ చూపిస్తుంది. బండి అరవైలో ఉంటే మీటరు యాభై ఏడు అంటుంది. మీటరు ఎక్కువ చూపిస్తే పెట్రోలు లెక్క తప్పుతుందంతే. తక్కువ చూపించడం ప్రమాదం. చక్రం దగ్గర ఈ బాధ లేదు. ఈ స్ప్రాకెట్ మాట గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పనుంది.

అయినా నాలుగు నెలలకే తీసేశాను. అరవైలో వెళుతున్నప్పుడు చక్రం సెకనుకి తొమ్మిదిన్నర చుట్లు తిరుగుతుంది, ఆ లెక్కతో మీటరుకి ఇబ్బంది లేదు. పదిలో వెళుతుంటే చుట్టున్నర కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఒక అయస్కాంతంతో అంత నెమ్మదిగా వచ్చే కబురుని నమ్ముకున్న మీటరు, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగి కాలు కింద పెట్టాక కూడా రెండు సెకన్లు 14 అని చూపించేది. ఇంకో రెండు అయస్కాంతాలు పెడితే అది తీరేది. తీరనిది వైరు. ఫోర్కుతో పాటు కిందికీ పైకీ వంగి వంగి లోపల తెగిపోయింది. అది మార్చాక పంచరు పడింది. పంచర్ షాపు కుర్రాడు చక్రం తీసి బిగించేటప్పుడు సెన్సర్ క్లాంపు వంకరపోయింది. రెండు మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు సెంటీమీటరైంది. వాడికి చెబితే "అదేంటన్నా, సైకిల్‌ది బండికి పెట్టారు?" అన్నాడు. కుర్రాడి మాట కాదనలేకపోయాను.

ఇది చక్రం తప్పు కాదని నాకు తెలుసు. నా పనితనం తప్పు. ఇంకా గట్టిగా పెట్టి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ముగిసేది. ఇందాక గట్టిగా చెప్పలేనన్నది ఈ చోటు గురించే.

కేసుకి డ్రిల్లు

తర్వాత మా మెకానిక్ దగ్గరికి వెళ్లాను. "హోల్ కొట్టేద్దాం సార్. ఇంజన్ కేసుకి ఒక్క హోల్. లోపల గేరు పళ్లు తిరుగుతుంటాయి కదా, సెన్సర్ వాటినే లెక్కపెట్టుకుంటది. కొత్త బళ్లకి అంతే కదా" అన్నాడు. అతను చెప్పింది వట్టి మాట కాదు. మొదటి యమహా ఆర్15కి స్పీడు సెన్సర్ గేర్ బాక్స్ మీదే ఉంటుంది. ఇనుప పన్ను ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సర్‌లో ఒక తట్టు. చుట్టుకి పాతిక తట్లు వస్తే మీటరు పదిలో కూడా తడబడదు. నేను రెండు రోజులు నిజంగానే ఊగిసలాడాను.

ఆపింది ఒక ఫ్రెండు బండి. అతను ఇదే పని రెండేళ్ల కిందట చేయించాడు. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచి మీటరు ఆగిపోయింది. సెన్సర్ బయటికి తీస్తే దాని మూతి నిండా గడ్డం. గేర్లు అరిగి ఆయిల్లో తిరిగే ఇనుప పొడి అంతా సెన్సర్ లోపలి అయస్కాంతానికి పట్టేసింది. తుడిచి పెట్టాడు, మళ్లీ పెరిగింది. చివరికి సెన్సర్ తీసేసి ఆ బొక్కకి బోల్టు బిగించాడు. ఇప్పుడు ఆ బోల్టు చుట్టూ ఆయిల్ చెమర్చుతుంటుంది. ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం పెట్టేదే పొడి పట్టుకోవడానికి. అదే గుణం ఉన్న వస్తువుని గేర్ల మధ్య పెట్టి కళ్లజోడులా పనిచేయమంటే ఎలా?

కొత్త బళ్లలో సెన్సర్ చోటు డ్రాయింగ్ మీదే ఉంటుంది. కేసు పోత పోసేటప్పుడే దానికి మందం, సీలు అన్నీ ఆలోచించి పెడతారు. మన పాత ఇంజన్ కేసుకి ఎక్కడ డ్రిల్లు పెట్టినా అది ఎవరూ ఆలోచించని చోటే. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో తిరిగొచ్చాయి గానీ ఆ ఇంజన్లు వేరు, వాటి కేసు మన బండికి రాదు. డ్రిల్లు జారితే మళ్లీ పోత పోసేవాడు లేడు.

అయస్కాంతం పాత కాపే

ఎలక్ట్రానిక్స్ అనగానే ముఖం చిట్లించేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేయాలి. మీ పాత మీటరు ఎప్పుడైనా విప్పి చూశారా? కేబుల్ పైకొచ్చి ముల్లుని తిప్పదు. కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. దాని మీద బోర్లించిన గిన్నెలా అల్యూమినియం కప్పు ఉంటుంది, ముల్లు ఆ కప్పుది. రెండూ ఎక్కడా ముట్టుకోవు. అయస్కాంతం తిరిగితే కప్పులో విద్యుత్తు సుడులు పుట్టి అదీ తిరగబోతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది, ఆ రెంటి పోట్లాట ఎక్కడ తేలితే అదే మన స్పీడు. ఒట్టో షుల్జ్ అనే జర్మన్ ఇంజనీరు 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది.

అంటే మీటర్లో అయస్కాంతం మొదటినుంచీ ఉంది. నేను చేసిందల్లా దాన్ని హెడ్‌లైట్ డూమ్‌లోంచి కిందికి, ఇంజన్ దగ్గరికి దించడం. మధ్యలో పొడుగునా తిరుగుతూ, ఎండుతూ, పినియన్ పళ్లు కొరికేసే తీగకి బదులు కదలని వైరు పెట్టాను. ఈ వాదనలో చిన్న మెలిక ఉందని నాకూ తెలుసు, ముల్లు పోయి అంకెలొచ్చాయి కదా అని అడగొచ్చు. దాని సంగతి చివర్లో.

నాలుగు అయస్కాంతాలు

ఆటోనగర్‌లో లేతు పని చేసే ఒక మేస్త్రి దగ్గరికి కేబుల్ కింది కొస, పినియన్, అయస్కాంతం దగ్గరికొస్తే పలికే ఒక హాల్ సెన్సర్ పట్టుకెళ్లాను. ఆయన కేబుల్ కొసని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసి, నోరు విప్పకుండా ఇత్తడి ముక్క వెతకడం మొదలుపెట్టారు. రెండు గంటల్లో బొటనవేలంత డబ్బీ తయారైంది. కింద కేబుల్ కూర్చునే చోట సరిగ్గా అదే కూర్చుంటుంది. లోపల పొట్టి ఇరుసు, దాని కింది కొస కేబుల్ తీగలాగే పినియన్‌లోకి దిగుతుంది. పైన చిన్న బిళ్ల, దాని అంచు మీద మూడు మిల్లీమీటర్ల అయస్కాంతాలు నాలుగు. మూతలో సెన్సర్, సందు ఒకటిన్నర మిల్లీమీటరు. ఇరుసుకి సీలు ఉంది కాబట్టి ఆయిల్ పైకి రాదు, ఇనుప పొడి అయస్కాంతాల జోలికి పోదు. ఇక పినియన్ తిప్పాల్సింది ఆ బిళ్లని మాత్రమే. పళ్లు తిన్నది మీటరు కాదు, కేబుల్ బరువు. అది పోయాక అదే నకలు పినియన్ ఏడాదిగా అరగకుండా తిరుగుతోంది.

మొదటిరోజు మీటరు నలభై ఐదు దాటలేదు. ఫోన్లో అరవై, మీటర్లో నలభై ఐదు. ఫోన్లో నలభై, మీటర్లో ముప్పై. ఎప్పుడు చూసినా ముప్పాతికే. అరగంట బుర్ర గోక్కున్నాక వెలిగింది, నాలుగింటిలో మూడే మాట్లాడుతున్నాయని. నేను కొన్న రకం హాల్ సెన్సర్ అయస్కాంతం దక్షిణ ధ్రువానికే పలుకుతుంది. ఒకటి తిరగబడి అతికింది. మేస్త్రికి చెబితే, "దిక్కు చూసి పెట్టాలని మీరు చెప్పలేదు కదండీ. చెబితే వాస్తు కూడా చూసేవాణ్ణి" అన్నారు.

రెండోరోజు ఇంకా బాగుంది. బండి సెంటర్ స్టాండు మీద ఉంది, న్యూట్రల్‌లో ఉంది, చక్రం కదల్లేదు. రేజ్ చేస్తే మీటర్లో 187. మా యెజ్డీ పుట్టి బుద్ధెరిగాక చూడని అంకె. మా అబ్బాయి ఫొటో తీసుకున్నాడు. కారణం నేనే. సెన్సర్ వైరుని చక్కగా ప్లగ్ వైరుకి జతచేసి జిప్ టైలు వేశాను. ప్లగ్ నిప్పు రవ్వ కొట్టిన ప్రతిసారీ పక్క వైరులో ఒక తట్టు పుట్టి, మీటరు దాన్ని చక్రం చుట్టనుకుంది. వైరుని అవతలి పక్కనుంచి తిప్పి, పైన జాలీ ఉన్న రకం వేసి, ఆ జాలీని ఒక్క కొస దగ్గరే ఎర్త్ చేసి, ప్లగ్‌కి రెసిస్టర్ ఉన్న క్యాప్ పెడితే దయ్యం దిగింది.

ఆరు వోల్టుల గొడవ కూడా కొంత ఉంది, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. సెన్సర్ నాలుగున్నర వోల్టులకే పనిచేస్తుంది, దానికి మా బ్యాటరీ చాలు. మీటరుకి పన్నెండు కావాలి, అందుకు వోల్టేజీ పెంచే చిన్న బోర్డు పెట్టాను. రాత్రిపూట లైటు వేసి, బ్రేకు నొక్కి, హారన్ కొడితే బ్యాటరీ కుంగి మీటరు ఆరిపోయి మళ్లీ వెలిగి నమస్కారం పెట్టేది. బ్రేకు బల్బుని ఎల్ఈడీకి మార్చి, ఒక డయోడు, ఒక పెద్ద కెపాసిటర్ చేర్చాక నమస్కారాలు మానేసింది. చివరగా హైవే మీద కిలోమీటరు రాళ్లు పట్టుకుని పది కిలోమీటర్లు నడిపి, మీటర్లో లెక్క సరిచేసి, కావాలనే రెండు శాతం ఎక్కువ చూపించేలా ఉంచాను.

నాన్న చెవులు

"శబ్దం చాలదా?" అనేవాళ్లలో మొదటివాడు మా నాన్నే కాబట్టి ఆయన మీదే పరీక్ష పెట్టాను. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు. ఆయన వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంటారు, నేను మెల్లగా స్పీడు పెంచుతాను, నలభై వచ్చిందనిపించగానే నా భుజం తట్టాలి. తట్టారు. నలభై రెండు. మళ్లీ చేశాం, నలభై రెండు. యాభైకి తట్టమంటే యాభై మూడు దగ్గర, అరవైకి అరవై మూడు దగ్గర. మూడేసి సార్లు చేసినా అంతే. ఇవన్నీ మీటర్లో నేను కలిపిన రెండు శాతం తీసేశాక వచ్చిన అంకెలే.

డెబ్బై రెండేళ్ల మనిషి, టోపీ కింద మఫ్లరు కట్టుకుని, అంత నిలకడగా చెప్పడం చూసి నాకు నోట మాట రాలేదు. మీటరు గీటరు తీసి అవతల పారేద్దామనిపించింది ఒక్క క్షణం. కానీ ఎప్పుడూ ఒకవైపే, ఎప్పుడూ దాదాపు అంతే తేడా ఎందుకుంది? చెవులు తప్పు చేస్తే ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా రావాలి.

ఇంటికొచ్చి కవరు విప్పి ముందు స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టాను. మాన్యువల్లో ఉండాల్సినదానికన్నా ఒకటి ఎక్కువ. నాన్నకి గుర్తొచ్చింది. "1991లో కదూ, తిరుపతి వెళ్లొచ్చాక మార్పించాను. హైవే మీద సాఫీగా పోతుందన్నాడు." అప్పటినుంచీ పాత మీటరు తక్కువ చూపిస్తూనే ఉంది. నాన్న చెవులు ఆ మీటరు దగ్గరే చదువుకున్నాయి. బండి అరవై మూడులో ఉంటే ముల్లు అరవై దగ్గర ఉండేది, ఆయన అదే అరవై అనుకుని శబ్దాన్ని గుర్తు పెట్టుకున్నారు. చెవులు తప్పు చెప్పలేదు. తప్పు పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పాయి.

ఇది నా వాదనకి బలమో కాదో ఆలోచిస్తూనే ఉన్నాను. గేర్ బాక్స్ దగ్గర కొలిస్తే స్ప్రాకెట్ మోసం చేస్తుందని చక్రం పక్షం వాళ్లు అంటారు, ఇదిగో సాక్ష్యం మా ఇంట్లోనే దొరికింది. ఒప్పుకుంటాను. కాకపోతే పాత మీటరులో ఆ తప్పు దిద్దే దారి లేదు. కొత్తదాంట్లో రాళ్లు చూసి ఒక అంకె మారిస్తే సరిపోయింది. రేపు నేను స్ప్రాకెట్ మారిస్తే మళ్లీ మార్చాలి, అది గుర్తుంచుకోవాల్సిన బాధ్యత నాది.

పద్ధెనిమిది నిమిషాలు

పాత మీటరు తీసెయ్యలేదు. హెడ్‌లైట్ డూమ్‌లో దాని చోట అదే ఉంది, 61,208 దగ్గర ఆగి. కొత్తది హ్యాండిల్ కింద చిన్న బ్రాకెట్ మీద ఉంది. కొత్తది తిరిగిన కిలోమీటర్లు నెలాఖరున నాన్న పెట్రోలు లెక్కల పుస్తకంలోనే రాస్తున్నాను. రేపెవరైనా బండి కొంటామంటే మీటరు కాదు, ఆ పుస్తకం చూపించాలి.

పెద్దాయన మాట మనసులో ఉండిపోయి, నేను చెప్పుకుంటున్నది ఎంతవరకు నిజమో చూద్దామని మొన్న ఆదివారం వాచీ పెట్టుకుని అంతా విప్పాను. డబ్బీ, వైరు, మీటరు, బోర్డు. పద్ధెనిమిది నిమిషాలు, ఒక పానా, ఒక స్క్రూడ్రైవర్. ఇంజన్ మీద గీత కూడా లేదు. దాచి ఉంచిన పాత స్టాకు కేబుల్‌కి గ్రీజు పట్టించి అదే చోట దింపి బిగించాను. నాన్న బయటికొచ్చి ఎక్కుతానన్నారు. కాలనీ చివరిదాకా వెళ్లాం. ఏళ్ల తరబడి పడుకున్న ముల్లు లేచింది, ముప్పై దగ్గర కాస్త వణికింది, నిలబడింది. నాన్న నా భుజం మీదుగా తొంగిచూసి "అదీ" అన్నారు. తిరిగొచ్చాక బండి దిగుతూ, కొన్నాళ్లు ఇలాగే ఉంచరా అన్నారు.

బుధవారం దాకా ఉంచాను. గురువారం పొద్దున ఆయన నిద్ర లేవకముందే డబ్బీ బిగించాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు.